ఉమ్మడి మట్టం

మా గదిలో మాటలు తక్కువ, గాలి ఎక్కువ. ఏసీలు తోసే చల్లగాలి, యంత్రాలు వదిలే వేడిగాలి, రెండూ కలిసి చెవుల్లో ఒక హోరుగా స్థిరపడిపోతాయి. ఆసుపత్రిలో అన్నిటికంటే కింది అంతస్తు మాది. పైన పిల్లలు పుడతారు, పెద్దలు పోతారు, బంధువులు లిఫ్టు దగ్గర తోసుకుంటారు. కింద హోరు మాత్రం మారదు. ఈ గదిని నేను ఎంచుకున్నానా, ఈ గదే నన్ను ఎంచుకుందా అని అప్పుడప్పుడు అనుమానం వస్తుంది. మనుషులతో మాట్లాడేటప్పుడు రెండో వాక్యం తరువాత మూడో వాక్యం కోసం లోపల తడుముకునేవాణ్ణి నేను. ఇక్కడ ఎవరూ మూడో వాక్యం అడగరు.

గదిలో పెద్ద సర్వర్లు మూడు. రెండు పాతవి, ఒకటి కొత్తది. ఫార్మసీకి, ల్యాబ్‌కి, ఎక్స్‌రేకి, బ్లడ్ బ్యాంక్‌కి తలా ఒక పెద్ద కంప్యూటర్ ఉందని పై అంతస్తులవాళ్ళు అనుకుంటారు. నిజానికి అవేవీ విడిగా లేవు. అవన్నీ ఈ మూడు సర్వర్ల లోపల సాఫ్ట్‌వేర్‌గా బతికే యంత్రాలు. అద్దెకున్న కుటుంబాల్లాంటివి. ఒక సర్వర్‌కి జబ్బు చేస్తే దానిమీద ఉన్నవాటిని, అవి పని చేస్తుండగానే, పక్క సర్వర్ మీదికి మార్చేస్తాం. పైన టైపు చేస్తున్న నర్సుకి తెలియను కూడా తెలియదు.

"అంటే నిద్రపోతున్న పిల్లని ఒక ఒళ్ళోంచి ఇంకో ఒళ్ళోకి మార్చడం అన్నమాట," అంది వదిన, నేను మొదటిసారి చెప్పినప్పుడు.

మా పని గురించి అంతకంటే బాగా చెప్పినవాళ్ళని నేను చూడలేదు.

కొత్త సర్వర్ వచ్చిన వారం, భోజనాల దగ్గర ఆవిడే మళ్ళీ అడిగింది. అన్నయ్య, వదిన, నేను. మా ఇంట్లో మేం ముగ్గురమే. నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడగడం కూడా అందరూ మానేశారు. రోజు మొత్తంలో నేను మూడో వాక్యం మాట్లాడేది ఆ బల్ల దగ్గరే.

"కొత్తది వచ్చిందిగా. పాతవాటితో సర్దుకుంటోందా?"

"చిక్కు అక్కడే ఉంది వదినా. ప్రాసెసర్లు తరం మారినప్పుడల్లా కొత్త విద్యలు నేర్చుకుని వస్తాయి. పాతవాటికి అవి రావు. మన యంత్రం ఏ సర్వర్ మీద కళ్ళు తెరిస్తే దాన్ని అడుగుతుంది, నీకేమేం వచ్చు అని. అది చెప్పిన విద్యలన్నీ నమ్ముకుని పని మొదలుపెడుతుంది. తీరా పాత సర్వర్ మీదికి మార్చేసరికి అక్కడ ఆ విద్య ఉండదు. నడుస్తున్నవాడికి కాలి కింద మెట్టు తీసేసినట్టు."

"మరి ఏం చేస్తారు?"

"ఉమ్మడి మట్టం పెడతాం. కొత్తదానికి ముందే చెప్పిపెడతాం, నిన్నెవరడిగినా పాతవాళ్ళకి వచ్చినంతే వచ్చని చెప్పు, అని."

"అంటే వచ్చిన విద్య రానట్టు నటించాలి పాపం."

"నటించడం కాదు. చెప్పకపోవడం."

"రెంటికీ తేడా ఏంట్రా?"

అన్నయ్య తల ఎత్తకుండా తింటున్నాడు. నేను వదిన ముఖం వైపు చూశాను. ఆ తేడా గురించి లోకంలో ఎవరినైనా అడగాలంటే ఆవిడనే అడగాలని నా నమ్మకం. ఆ నమ్మకానికి చాలా ఏళ్ళ వయసుంది.

అమ్మా నాన్నా పోయాక అన్నయ్య చదువు సగంలో ఆపి, మోటార్లకి తీగ చుట్టే పనిలో దిగాడు. ఇంటి ముందుగదే కొట్టు. కాలిపోయిన నీళ్ళ మోటార్లూ ఫ్యాన్లూ వరసగా నేలమీద పడి ఉండేవి. అన్నయ్య చేత్తో చక్రం తిప్పుతూ రాగితీగ చుట్టేవాడు, పెదాల మధ్య లెక్కపెట్టుకుంటూ. ఎవరైనా పలకరిస్తే లెక్క పోయేది. లెక్క పోతే చుట్టినదంతా విప్పి మొదటినుంచి చుట్టాలి. అలాంటి ఇంటికి వచ్చింది వదిన, లెక్కల్లో డిగ్రీ చదువుకుని. నేనప్పటికి బడిపిల్లాణ్ణి.

ఆవిడ ఆ గదిలోనే ఒక మూల కూర్చుని బట్టలకి గుండీలు కుట్టేది. ఎవరో వచ్చి పలకరించేవారు. అన్నయ్య చక్రం ఆపి, జవాబు చెప్పి, మళ్ళీ తీగ వైపు తిరిగి, అలా ఉండిపోయేవాడు. అప్పుడు వదిన సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా అడిగేది:

"మూడొందలా, మూడొందల పదా అండీ?"

అన్నయ్య కళ్ళు చిట్లించి ఆలోచించేవాడు. "పదే."

"అవునా? నేను మూడొందలే అనుకున్నా."

నేలమీద పడుకుని హోంవర్కు చేసుకుంటున్న నాకు మాత్రం ఆవిడ పెదాలు కనిపించేవి. చక్రం తిరిగినంతసేపూ అవి కూడా కదిలేవి. ఆవిడకి లెక్క తెలుసు. ప్రతిసారీ తెలుసు. ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటూ పెరిగాను. నాకు లెక్కలు నేర్పింది కూడా ఆవిడే, కానీ వంటింట్లో; ముందుగదిలో ఎప్పుడూ కాదు.

పెద్దయ్యాక ఒకసారి ధైర్యం చేసి అన్నాను, "నువ్వు మా కోసం ఎంతో దాచుకున్నావు వదినా. నిండుకుండ తొణకదంటారు."

"తొణికితే తుడవాల్సింది నేనేగా," అంది. "అందుకే తొణకలేదు. లే, కుక్కర్ దింపు."

నేను కుక్కర్ దింపాను. చెప్పాలనుకున్నది లోపలే ఉండిపోయింది. మనవాళ్ళ మధ్య కృతజ్ఞతకి మాట లేదు. థాంక్స్ అంటే పరాయితనం, అనకపోతే అప్పు. ఆ రెంటి మధ్యే ఇన్నేళ్ళూ బతికాను.

కొత్త సర్వర్ వచ్చిన మరుసటి ఏడాది ఆవిడకి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. గుండెలో ఒక కవాటం పాడైందన్నారు. అది మార్చాలి, గుండె ఆపి మార్చాలి, ఇంతకు మించి ఆలస్యం చేయకూడదు అన్నాడు మా ఆసుపత్రి సర్జన్. ఒప్పించడానికి నెలలు పట్టింది. మొదటి తేదీకి ఆవిడే జ్వరం అని మంచం దిగలేదు. రెండో తేదీకి నిజంగానే సర్జన్‌కి జ్వరం వచ్చింది. ఇంటికి తిరిగొచ్చి సంచీ కింద పెడుతూ ఆవిడ తేల్చి చెప్పింది.

"ఇంకొక్కసారి వాయిదా పడిందంటే నేను మళ్ళీ రాను. భయపడ్డానికి కూడా ఒక ఓపిక ఉండాలి. నాది అయిపోయింది."

అది బెదిరింపు కాదు. ఆవిడ అన్నమాట నిలబెట్టుకుంటుందని మా ఇద్దరికీ తెలుసు. మూడో తేదీ మీదే మా ఇల్లు నిలబడి ఉంది.

ఆ రోజు పొద్దున వదినని పై అంతస్తులో సిద్ధం చేస్తున్నారు. మొదటి కేసు ఆవిడదే. అన్నయ్య పక్కనున్నాడు. నేను కాసేపు తలుపు దగ్గర నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కిందికి వచ్చేశాను.

గదిలో గళ్ళచొక్కా అప్పటికే స్క్రీన్ ముందు వంగి ఉన్నాడు. నాతోపాటు ఆ గదిని చూసుకునే సహోద్యోగి అతను. ఏ రోజు చూసినా గళ్ళచొక్కాయే, రంగులు మారతాయి గానీ గళ్ళు మారవు.

"నువ్వెందుకొచ్చావ్ గురూ? పైన ఉండక."

"ఏమైంది?"

"ఏం కాలేదు. పైకి వెళ్ళు."

అతని భుజం మీదుగా చూశాను. కొత్త సర్వర్ మీద నారింజరంగు దీపం వెలుగుతోంది. దాని మెమరీలో తప్పులు దొర్లుతున్నాయి. దొర్లిన ప్రతి తప్పునీ అదే దిద్దుకుంటోంది, కానీ తప్పులు అంతకంతకీ దగ్గరదగ్గరగా వస్తున్నాయి. ఎప్పుడో ఒకటి దిద్దుకోలేనిది వస్తుంది. ఆ క్షణంలో సర్వర్ ఉన్నపళంగా ఆగిపోతుంది.

"ఇందులో భయపడ్డానికేం ఉంది," అన్నాడు గళ్ళచొక్కా. "అందరినీ పాతవాటి మీదికి దింపేస్తున్నా. ఫార్మసీ అయిపోయింది. ఎక్స్‌రే వెళ్తోంది. ఇంక మిగిలింది బ్లడ్ బ్యాంకే."

ఎక్స్‌రే వెళ్ళింది. బ్లడ్ బ్యాంక్‌ని ఎంచి, పాత సర్వర్ పేరు నొక్కాడు. స్క్రీన్ ఒప్పుకోలేదు. ఈ యంత్రం వాడుతున్న ప్రాసెసర్ విద్యలు అవతలి సర్వర్‌లో లేవు, అని రాసింది. రెండో పాతదాని పేరు నొక్కాడు. అదే జవాబు.

"అదేంటి? దీనికి మట్టం పెట్టాంగా?"

పెట్టాం. సెట్టింగుల్లో ఉంది, పచ్చగా, పొందికగా. ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. సంగతి నాకు మెల్లగా అర్థమైంది.

బ్లడ్ బ్యాంక్‌కి ఒకప్పుడు విడిగా ఒక ముసలి కంప్యూటర్ ఉండేది. కొత్త సర్వర్ పెట్టెలోంచి బయటికి తీసిన రోజే అది చచ్చిపోయింది. హడావిడిలో బ్లడ్ బ్యాంక్‌ని నేరుగా కొత్త సర్వర్ మీద లేపాం, ఇంకా ఉమ్మడి మట్టం పెట్టకముందే. అది కళ్ళు తెరిచి, కొత్త ప్రాసెసర్ విద్యలన్నీ చూసేసింది. తరువాత మట్టం పెట్టి, బ్లడ్ బ్యాంక్ డాక్టరమ్మని బతిమాలి ఒక ఆదివారం కాస్త వ్యవధి తీసుకుని, దాన్ని రీస్టార్ట్ చేశాం. లేచింది. ఒకరికొకరం చేతులు కలుపుకున్నాం.

రీస్టార్ట్ చాలదు. లోపలి నుంచి రీస్టార్ట్ అంటే యంత్రం కన్ను మూసి తెరవడమే. ప్రాసెసర్ గురించి మొదట విన్నది ఇంకా దాని చెవిలోనే ఉంటుంది. పూర్తిగా ఆపాలి. లేదన్నంతగా ఆపి, మళ్ళీ పుట్టించాలి. అప్పుడే కొత్త మట్టం దానికి తెలుస్తుంది. ఆ తేడా మా ఇద్దరికీ తెలియనిది కాదు. ఆ ఆదివారం డాక్టరమ్మ మా వెనకే నిలబడి ఉంది. ఆవిడ ముందు తక్కువసేపు పట్టే పని చేశాం, అంతే.

అయినా ఈ సంగతి ఎప్పుడో బయటపడాల్సింది. ప్రతి గురువారం ఒక్కో యంత్రాన్ని పక్క సర్వర్ మీదికి మార్చి, మళ్ళీ వెనక్కి తెచ్చేవాళ్ళం, అవసరానికి కదులుతుందో లేదో చూడటానికి. గళ్ళచొక్కా దానికి షికారు అని పేరు పెట్టాడు. అన్నిటినీ షికారు తిప్పాం, బ్లడ్ బ్యాంక్‌ని తప్ప. "మా దాన్ని మాత్రం ముట్టుకోకండి" అంది డాక్టరమ్మ ఒకసారి. మేం ముట్టుకోలేదు. దానికి గౌరవం అని పేరు పెట్టుకున్నాం. నిజానికి అది ఆవిడని ఇంకోసారి అడగాలంటే ఇద్దరికీ ఉన్న బెదురు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు.

"ఆపాలి. పూర్తిగా."

"ఇప్పుడా? పైన మొదటి కేసు..." ఆగాడు. గొంతు తగ్గించాడు. "గురూ, ఒక మాట చెప్తా విను. దిద్దుకుంటోందిగా. మధ్యాహ్నం దాకా లాగుతుంది. మీ వదినగారిది అయిపోనీ. ఆ తరువాత ఆపుదాం. ఎవరికీ తెలీదు."

అతను మంచివాడు. ఆ మాట నా కోసం అన్నాడు. నాకు కావలసినదంతా ఆ మాటలో ఉంది. లోపల ఏదో ఒకటి అప్పుడే దానికి కారణాలు పోగుచేస్తోంది: సర్వర్ పడినా యంత్రం పాతదాని మీద తనంతట తానే మళ్ళీ లేస్తుంది కదా. నిజమే, లేస్తుంది. కానీ పడే క్షణంలో చేతిలో ఉన్నది ఒలికిపోతుంది. ఎవరి రక్తం ఎవరికి సరిపోయిందని అప్పుడే రాస్తున్న మాట సగంలో తెగిపోతుంది. ఆ క్షణంలో గుండె ఆపిన మనిషి బల్లమీద ఉంటే, ఇంకో సంచీ రక్తం కావాలని పైనుంచి కేక వస్తే...

ఇంకా ఒకటి గమనించాను. ఆ మూడు నాలుగు నిమిషాల్లో నేను భయపడింది వదిన కోసం మాత్రమే కాదు. మూడో అంతస్తుకి వెళ్ళి డాక్టరమ్మ ఎదురుగా నిలబడి నోరు తెరవడానికి కూడా అంతే భయపడ్డాను. ప్రేమ అనుకున్నదాని కింద ఈ పిరికితనం ఎంత బాగా ఒదిగి కూర్చుంది. విడదీసి చూసేసరికి, చేయాల్సిన పని ఒక్కటే మిగిలింది.

"అడిగొస్తా," అన్నాను.

"నువ్వా?" అన్నాడు గళ్ళచొక్కా.

డాక్టరమ్మ గాజుతలుపు వెనక నిలబడి రక్తసంచుల మీద పేర్లు సరిచూస్తోంది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, కళ్ళజోడు మీదుగా చూసే చూపు. నేను మొదటి వాక్యం చెప్పాను. రెండో వాక్యం చెప్పాను. మూడోది దానంతట అదే వచ్చింది, నాలుగోది కూడా. మా పొరపాటుతో సహా అంతా చెప్పేశాను.

ఆవిడ కోప్పడుతుందని చూశాను. సంచీ పళ్ళెంలో పెట్టి, చేతులు తుడుచుకుంది.

"ముట్టుకోవద్దన్నది నేనేగా," అంది. "ఎందుకన్నానో తెలుసా? పాత కంప్యూటర్ చచ్చిన రోజు నాకు చెమటలు పట్టాయి. ఇది నడుస్తోంది, నడవనీ అనుకున్నా. వారంవారం తిప్పి చూస్తేనే గట్టిదని నాకెవరు చెప్పారు? అడగందే అమ్మైనా పెట్టదు బాబూ. మీరిద్దరూ నన్ను చూసి గోడకి అంటుకుపోతారు."

"తప్పే మేడం."

"సరే. చేత్తో రాసుకుంటూ నెట్టుకొస్తాం. కానీ మీరు ఆపి, లేపి, నేను సరిచూసేదాకా రక్తం కావాల్సిన కేసేదీ లోపలికి పోదు. సర్జన్ చేతులు కట్టుకుని కూర్చోడు. రక్తం అక్కర్లేని కేసు ఒకటుంది, దాన్ని ముందు తీసుకుంటాడు. మొదటి కేసు మధ్యాహ్నానికి పోతుంది. ఆ పేషెంటు చాలా భయస్తురాలట, తెలుసా మీకు?"

"తెలుసు మేడం. మా వదిన."

ఆవిడ కళ్ళజోడు తీసింది.

"ఆ సంగతి ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు ఆగమంటారేమోనని."

"సర్జన్‌తో నేను మాట్లాడతా," అంది, ఫోన్ అందుకుంటూ. "ఆవిడకి మాత్రం మీరే చెప్పాలి."

వదిన మంచం మీద కూర్చుని ఉంది. నర్సు ఆవిడ జుట్టుని రెండు జడలు వేసింది, బడిపిల్లలా. అన్నయ్య కుర్చీ చివర కూర్చుని ఆవిడ చెప్పులు చేతిలో పట్టుకున్నాడు, ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు. అంతా చెప్పాను. మధ్యాహ్నానికి మారుతుందని చెప్పేటప్పుడు నేల వైపు చూశాను.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేది?" అంది.

"బహుశా ఏమీ అయ్యేది కాదు."

"బహుశా అంటే ఎంత?"

"లెక్క కట్టలేను వదినా."

ఆవిడ కాసేపు కిటికీ వైపు చూసింది. దుప్పటి అంచు మీద వేళ్ళు ఒకదాని తరువాత ఒకటి కదిలాయి.

"ఆ డాక్టరమ్మని అడిగింది ఎవరు? నువ్వేనా? స్వయంగా?"

"ఆఁ."

"మూగనోము పట్టిన మా మరిది నోరు తెరిచాడా? చూడండీ, నా గుండె ఆగేలోపు ఒక వింత చూశా."

"అవేం మాటలే," అన్నాడు అన్నయ్య.

"మరి వాయిదా పడితే రానన్నావుగా," అన్నాను. అనకూడదని తెలిసీ అన్నాను. ఆవిడ ఏమంటుందో వినకుండా కిందికి వెళ్ళలేను.

"ఇది వాయిదా కాదురా. వరస మారడం." దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుంది. "ఇన్నేళ్ళలో నన్నొకటి అడిగావు. మధ్యాహ్నం దాకా భయపడమని. పడతాలే, ఇంకాస్త అరువు తెచ్చుకునైనా. పో. ముందు దాన్ని ఆపు, తరువాత నన్ను ఆపుతారు."

గదికి తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ నా కంటే ముందే దిగి వచ్చింది. మోచేతులు కావలించుకుని నిలబడింది.

"ఇంత చలిలో ఎలా కూర్చుంటారయ్యా?"

"మాది వేడి రక్తం మేడం," అన్నాడు గళ్ళచొక్కా. అని, ఎవరితో అన్నాడో గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

"ఏ గ్రూపు?" అంది ఆవిడ. ఆవిడ నవ్వడం మేం చూడటం అదే మొదటిసారి.

పైన బ్లడ్ బ్యాంక్‌లో అందరూ స్క్రీన్ల మీంచి చేతులు తీసేశారని ఫోన్ వచ్చింది. ఆపు నొక్కాను. యంత్రం తనలో తెరిచి ఉన్నవన్నీ ఒక్కొక్కటే మూసుకుంది, ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళు గదిగదికీ దీపం ఆర్పినట్టు. చివరికి స్క్రీన్ మీద దాని పేరు పక్కన బూడిదరంగు చుక్క మిగిలింది. ఆ చుక్కని చూస్తూ ఉండటం కష్టం. గళ్ళచొక్కా మట్టం ఇంకోసారి చూశాడు. నేను పాత సర్వర్ పేరు ఎంచి, మొదలు నొక్కాను.

పాతది తొందరపడలేదు. దాని ఫ్యాన్లు ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నట్టు తిరిగి, మళ్ళీ సర్దుకున్నాయి. చుక్క పచ్చబడింది. డాక్టరమ్మ వంగి తన పేరు టైపు చేసి, రక్తసంచుల వివరాలు ఒక్కొక్కటీ తెరిచి చూసింది. పెదాలు కదుపుతూ చదువుకుంది. ఆ పెదాల కదలిక నేనెరిగినదే. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఏసీ గాలి అనుకున్నాను.

"అన్నీ ఉన్నాయి," అంది నిటారుగా నిలబడి. "మరి ఇది ఇప్పుడు కదులుతుందా?"

గళ్ళచొక్కా నా వైపు చూశాడు. నేను తల ఊపాను. దాన్ని నడుస్తుండగానే రెండో పాత సర్వర్ మీదికి మార్చాడు. వెళ్ళింది. డాక్టరమ్మ చేతికింద స్క్రీన్ రెప్ప కూడా వేయలేదు.

"అయిపోయింది మేడం. షికారు."

"ఇంతేనా?" అంది ఆవిడ. "అయితే ప్రతి గురువారం తిప్పండి." తలుపు దగ్గర ఆగి, "రెండు టీలు పంపిస్తా," అని వెళ్ళిపోయింది.

కొత్త సర్వర్ మీద ఇప్పుడు ఎవరూ లేరు. దాన్ని ఆపి మెమరీ మార్చాలి. మధ్యాహ్నానికి ముందే అది ఆపకుండానే ఆగిపోయింది. దిద్దుకోలేని తప్పు వచ్చింది. పాత వరసే ఉంటే అప్పటికి వదిన గుండె ఆపి ఉండేవారు. ఆ కబురు గళ్ళచొక్కా ఫోన్లో చెప్పేసరికి వదినని లోపలికి తీసుకువెళ్ళి కాసేపైంది, నేను ఆపరేషన్ థియేటర్ బయట బల్లమీద ఉన్నాను. "నేను చెప్పినట్టు ఆగుంటే..." అని మొదలుపెట్టి, పూర్తి చేయలేకపోయాడు. నేను ఫోన్ జేబులో పెట్టుకుని రెండు చేతులూ మోకాళ్ళ మీద పరుచుకున్నాను. ఎవరికి చెప్పుకోవాలో తెలియని కృతజ్ఞత అది. పొద్దున నాకు భయంతో పాటు వచ్చిన ఆ నాలుగు వాక్యాలకా? కోప్పడని డాక్టరమ్మకా? వరస మారడానికి ఒప్పుకున్న వదినకా? ఇన్నాళ్ళూ ఒంటరినని అనుకుంటూ బతికాను. ఒక్క పొద్దున ఇంతమంది నన్ను మోశారు.

పక్కన అన్నయ్య కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. మొదట అర్థం కాలేదు. తరువాత పెదాలు చూశాను. లేని చక్రం తిప్పుతూ, లేని తీగ చుడుతున్నాడు.

నేను కూడా లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అతని చెయ్యి ఒకసారి తిరిగితే ఒకటి.

ఎవరో స్ట్రెచర్ తోసుకుంటూ మా ముందు నుంచి వెళ్ళారు. అన్నయ్య కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. చెయ్యి ఆగిపోయింది. ముఖంలో ఆ పాత అయోమయం. చక్రం ముందు కూర్చున్నప్పటిదే.

"మూడొందలా, మూడొందల పదా అన్నయ్యా?" అన్నాను.

అతను నా వైపు తిరిగాడు.

"నువ్వు కూడానా?" అన్నాడు.

"ఏంటి?"

"మీ వదినకి తెలుసురా. ప్రతిసారీ. నాకు తెలుసు, ఆవిడకి తెలుసని."

నేను అతని వైపు పూర్తిగా తిరిగాను.

"పెళ్ళైన కొత్తలో నిజంగానే మర్చిపోయేవాణ్ణి. తరువాత చెయ్యి అలవాటు పడింది, లెక్క పోయేది కాదు. కానీ ఆవిడ పొద్దస్తమానం ఆ మూల కూర్చుని గుండీలు కుట్టుకునేది. అంత చదివిన మనిషి. నాతో ఏం మాట్లాడుతుంది? నాకేం మాట్లాడటం వచ్చు? నాకు లెక్క పోతే మాత్రం పలికేది." చేతులు చూసుకున్నాడు. "అందుకని అప్పుడప్పుడు పోగొట్టేవాణ్ణి."

ఇన్నేళ్ళూ ఆ ముందుగదిని నేను ఒక్కవైపు నుంచే చూశాను. ఎక్కువ వచ్చినావిడ తగ్గింది, తక్కువ వచ్చినాయన కోసం. త్యాగం అని దానికి పేరు పెట్టి, నా భుజం మీద వేసుకుని మోశాను. ఆ మట్టం ఇద్దరూ కలిసి పెట్టుకున్నది. ఆవిడ తెలియనట్టు అడిగింది, ఆయన మర్చిపోయినట్టు ఆగాడు. ఆ మట్టం మీదే నేను పెరిగాను, చదువుకున్నాను, ఇవాళ ఇక్కడ కూర్చున్నాను. నా భుజం మీంచి ఏదో జారి కింద పడినట్టయింది. శబ్దం కూడా కాలేదు.

సాయంత్రం వెలుతురు ఇంకా ఉండగానే సర్జన్ బయటికి వచ్చి, మాస్కు కిందికి లాగి, బాగుందన్నాడు. మధ్యలో రక్తం అనుకున్నదానికంటే ఎక్కువ కావాల్సి వచ్చిందట. అడిగిన వెంటనే వచ్చిందట.

మర్నాడు మమ్మల్ని లోపలికి పంపారు. వదిన ముఖం పాలిపోయి ఉంది. రెండు జడల్లో ఒకటి ఊడిపోయింది. కళ్ళు తెరిచి ముందు నన్ను చూసింది. గొంతు కీచుగా వచ్చింది.

"నీ బ్లడ్ బ్యాంకు లేచిందా?"

"లేచింది వదినా."

"ఎవరి మీద?"

"పాతదాని మీద."

"నయం," అంది. కళ్ళు మెల్లగా అన్నయ్య వైపు తిరిగాయి. అతను మంచం కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. వేళ్ళు కడ్డీ మీద కొద్దికొద్దిగా తిరుగుతున్నాయి. ఆవిడ ఆ వేళ్ళు చూసింది.

"బయట కూర్చుని చుట్టారా?"

అన్నయ్య తల ఊపాడు.

"ఎంతవరకొచ్చారు?"

"మర్చిపోయా," అన్నాడు.

ఆవిడ ఎండిన పెదాలు తడుపుకుంది. ఊపిరి కూడదీసుకుంది.

"మూడొందలా, మూడొందల పదా అండీ?"

అన్నయ్య కళ్ళు చిట్లించి ఆలోచించడం మొదలుపెట్టాడు. నాకు లెక్క తెలుసు. చెప్పలేదు.